మడత విప్పితే ఒక పేజీ

నా చేతిలో మడత ఫోను చూసినవాళ్ళు మొదట అడిగే మాట, “విరగదా?” అని. తర్వాత ధర అడుగుతారు. ధర విన్నాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. “దాంతో మీరేం చేస్తారు?” అని అడిగేవాళ్ళు అరుదు. నాకు మాత్రం ఆ మూడో ప్రశ్నే అసలైన ప్రశ్న అనిపిస్తుంది. ఇవాళ్టి ప్రసంగంలో ఎక్కువ భాగం దాని గురించే. మొదటి రెండు ప్రశ్నలూ దారిలో ఎలాగూ ఎదురవుతాయి.

రేడియోలో వస్తువు చూపించడం కుదరదు కాబట్టి ముందు దాని ఆకారం చెబుతాను. మడత ఫోన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, నిలువు ఫోనును నడుము దగ్గర అడ్డంగా మడిచేది. దీన్ని ఫ్లిప్ అంటున్నారు. విప్పితే మామూలు ఫోనే, మడిస్తే గుప్పెట్లో ఇమిడిపోతుంది. 2004లో వచ్చిన మోటరోలా రేజర్ వాడినవాళ్ళకు ఆ అలవాటు గుర్తుండే ఉంటుంది. మూత టక్కున మూస్తే కాల్ కట్టయ్యేది. రెండోది పుస్తకంలా పక్కకు తెరుచుకునేది. మూసి ఉన్నప్పుడు బయట ఒక తెర ఉంటుంది, దాని మీద మామూలు ఫోను పనులన్నీ చేసుకోవచ్చు. విప్పితే లోపల దాదాపు రెట్టింపు వెడల్పుతో ఇంకో తెర. నేను వాడేది ఈ రెండో రకం.

ఈ వస్తువు పుట్టి పట్టుమని పదేళ్ళు కాలేదు. 2018 చివర్లో రోయోల్ అనే కంపెనీ ఫ్లెక్స్‌పాయ్ పేరుతో మొదటి మడత ఫోనును అమ్మకానికి పెట్టింది. తర్వాత కొన్నేళ్ళకు ఆ కంపెనీయే దివాలా తీసింది. 2019 ఫిబ్రవరిలో శామ్‌సంగ్ తన గెలాక్సీ ఫోల్డ్‌ను ప్రకటించింది. ధర 1,980 డాలర్లు. ఏప్రిల్ 26న అమెరికాలో అమ్మకాలు మొదలు కావలసింది. ఈలోగా రివ్యూ రాసేవాళ్ళకు ఇచ్చిన ఫోన్లలో కొన్ని కొద్ది రోజులకే పాడయ్యాయి. తెర మీద ఉన్న పలచని పొరను స్క్రాచ్ గార్డు అనుకుని కొందరు పీకేశారు. అది తెరలో భాగమని వాళ్ళకు తెలియదు. ఇంకోచోట కీలు సందులోంచి ఏదో నలుసు లోపలికి చేరి తెరను కింది నుంచి పొడిచింది. కంపెనీ విడుదల ఆపేసింది. సందులు మూసి, ఆ పొర అంచులు చేతికి దొరక్కుండా ఫ్రేము కిందికి నెట్టి, సెప్టెంబరులో మళ్ళీ బయటికి తెచ్చింది. మన దేశానికి అక్టోబరులో వచ్చింది, 1,64,999 రూపాయలకు. పైపొర బాధ, నలుసు బాధ ఆనాటి నుంచి చాలా తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. వాటి దగ్గరికి మళ్ళీ వస్తాను.

అసలు గాజు ఎలా మడతపడుతుంది? పలచగా ఉంటే వంగుతుంది. దేన్నైనా వంచినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుపోతుంది. మందం ఎక్కువైతే ఆ సాగుడూ ఎక్కువై పగులుతుంది. 2020లో గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో పెట్టిన గాజు మందం 30 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ముప్పయ్యో వంతుకు కూడా కాస్త తక్కువే. దాని మీద ఒక ప్లాస్టిక్ పొర, కింద ఓఎల్ఈడీ తెర, ఆ కింద ఆధారంగా పలచని రేకు, వీటి మధ్య జిగురు పొరలు. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, వెనకనుంచి దీపం పట్టనక్కర్లేదు, అందుకే దాన్ని వంగే ప్లాస్టిక్ మీద పేర్చగలిగారు. లావుపాటి పుస్తకాన్ని రెండు చేతులతో వంచి దాని అంచు చూడండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి అంచు ఏటవాలుగా కనిపిస్తుంది. తెరలోని పొరలు కూడా మడిచిన ప్రతిసారీ అలాగే జారాలి, విప్పగానే మళ్ళీ యథాస్థానానికి రావాలి. జారనిచ్చేదీ, వెనక్కి తెచ్చేదీ ఆ జిగురే. ఎన్నో వేలసార్లు ఆ పని చేసేసరికి జిగురు, ప్లాస్టిక్ కొంచెం కొంచెంగా సాగి, సాగిన చోటే ఉండిపోతాయి. తెర మధ్యలో నిలువుగా కనిపించే మడత గీత కొత్తలో సన్నగా ఉండి, వాడేకొద్దీ కాస్త లోతయ్యేది అందుకే.

తర్వాతి ఏళ్ళలో కీలు మెరుగైంది. మొదట్లో ఫోను మూసినా రెండు రెక్కల మధ్య సందు కనిపించేది, ఎందుకంటే తెరను మరీ బిగించి మడిస్తే తట్టుకోలేదు. ఇప్పుడు కీలు లోపల తెర నీటిబొట్టు ఆకారంలో గుండ్రంగా తిరుగుతుంది. వంపు పెద్దదైంది కాబట్టి గీత తగ్గింది, రెక్కలు సందు లేకుండా మూసుకుంటున్నాయి. ఎదురుగా చూస్తే గీత కనపడదు. ట్యూబులైటు కింద పక్కకు వంచితే కనపడుతుంది, మీద వేలు పోనిస్తే తగులుతుంది. కొన్నాళ్ళకు కన్ను దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

“విరగదా?” అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను. 2019 నాటి గెలాక్సీ ఫోల్డ్‌కే శామ్‌సంగ్ రెండు లక్షల మడతల పరీక్ష చేశామని చెప్పింది. రోజుకు వందసార్లు తెరిచి మూసినా అయిదేళ్ళు దాటుతుంది. 2025 నాటి తెరకు అయిదు లక్షలంటున్నారు. మడత వల్లే పోతుందన్న భయం అంతగా అక్కర్లేదు. పోయేది ఎక్కువగా కిందపడటం వల్ల, దుమ్ము వల్ల, మధ్యలో ఏదో ఉండగా మూసేయడం వల్ల.

ఇక రోజువారీ వాడకం. పొద్దున్నే లేచింది మొదలు మనం ఫోనుతో చేసే పనులు ఒకసారి లెక్కవేసుకోండి. పాలకు, కూరగాయలకు యూపీఐ. ఓటీపీ చూసుకోవడం. గ్యాస్ బుకింగు. బంధువుల గ్రూపులో శుభోదయాల మధ్య పోయిన అసలు కబురును వెతుక్కోవడం. వీటిలో ఒక్కదానికీ పెద్ద తెరతో పనిలేదు. కిరాణా కొట్టు ముందు ఒక చేతిలో సంచీ ఉండగా ఫోను రెండు చేతులా విప్పి స్కాన్ చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆర్టీసీ బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడు విప్పడమే కుదరదు. మడత ఫోను రోజంతా మన దగ్గర నిలవాలంటే ముందు బయటి తెర బాగుండాలి.

మొదటి ఫోల్డ్ దెబ్బతిన్నది ఇక్కడే. బయటి తెర 4.6 అంగుళాలు, అదీ సన్నగా పొడవుగా ఉండేది. తెలుగు కీబోర్డులో అక్షరాలు మరీ ఇరుకైపోయి, “క్షమించండి” అని కొట్టబోతే మూడు చోట్ల వేలు తప్పేది. బరువు 276 గ్రాములు. చొక్కా జేబులో వేస్తే చొక్కా ఒకవైపుకు లాగేది. ఆరేళ్ళ తర్వాత, 2025లో వచ్చిన ఫోల్డ్ 7కి బయటి తెర 6.5 అంగుళాలు, మడిచినప్పుడు మందం 8.9 మిల్లీమీటర్లు, బరువు 215 గ్రాములు. అదే కంపెనీ మామూలు పెద్ద ఫోను, ఎస్25 అల్ట్రా, 218 గ్రాములు. మడత ఫోను మామూలు ఫోను కంటే తేలికైపోయింది. ఆనర్, ఒప్పో, వివో లాంటి కంపెనీలు మందం తగ్గించడంలో ఒకదానితో ఒకటి పోటీపడటం కూడా ఇందుకు సాయపడింది.

దీనివల్ల ఒక చిత్రం జరిగింది. బయటి తెర ఇరుగ్గా ఉన్నరోజుల్లో చిన్న మెసేజీ రాయడానికి కూడా ఫోను విప్పక తప్పేది కాదు. బయటి తెర బాగుపడేసరికి విప్పడం తగ్గిపోయింది. కొందరు దీన్ని లోపంగా లెక్కిస్తారు, పెద్ద తెర కోసం డబ్బు పోసి దాన్ని వాడటం లేదే అని. నేనైతే ఇప్పుడే అది సరిగా వాడకంలోకి వచ్చిందంటాను. విప్పుతున్నామంటే, కూర్చుని చేసుకోవలసిన పని ఏదో ఉందన్నమాట.

నాకు ఆ పని చదవడం. పాత తెలుగు పుస్తకాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. శతకాలు, నాటకాలు, జీవిత చరిత్రలు, మూతబడ్డ పత్రికల సంచికలు, మళ్ళీ అచ్చుకు నోచుకోని నవలలు. ఎక్కడో ఒక గ్రంథాలయంలో చెదపట్టే దశలో ఉన్నవి మన జేబులోకి వచ్చాయి. అంత సంపద వచ్చిందిగానీ, ఫోనులో చదవబోతే తలనొప్పి మిగులుతుంది. కారణం చాలా మామూలుది. అవి పేజీల ఫొటోలు. కొత్తగా టైపు చేసిన తెలుగైతే తెర వెడల్పును బట్టి పంక్తులు తమంతట తామే సర్దుకుంటాయి, అక్షరం పెద్దది చేసుకోవచ్చు. ఫొటో సర్దుకోదు. పేజీ ఎంత వెడల్పో అంతే.

డెమ్మీ సైజు పుస్తకం పేజీ వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు. మామూలు ఫోను తెర వెడల్పు సుమారు 7. పేజీని ఫోనులో పట్టిస్తే అక్షరం సగానికి సగం చిక్కిపోతుంది. ఇంగ్లీషు అక్షరం సగమైనా ఒక రకంగా పోల్చుకోవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. ద, ధ, థ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ధకు కింద చిన్న గీత. థకు ఆ గీతతో పాటు కడుపులో ఒక చుక్క. డెబ్బయ్యేళ్ళ కిందట సీసపు అక్షరాలతో అచ్చేసి, అరిగిన టైపు మీద సిరా కాస్త ఎక్కువై, ఆ పైన స్కాన్ చేసిన పేజీని సగానికి కుదిస్తే మొదట పోయేది ఆ చుక్కే. “కథ” అన్నది “కధ” అవుతుంది, “అర్థం” అన్నది “అర్ధం” అవుతుంది. సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ చదవాలి. లేదా రెండు వేళ్ళతో పెద్దది చేసి, ప్రతి పంక్తికీ పేజీని కుడికి జరిపి, మళ్ళీ ఎడమకు లాగి, ఏ పంక్తిలో ఉన్నామో మరిచిపోయి వెతుక్కోవాలి. పద్యమైతే మరీ కష్టం. పాదం మొత్తం ఒక్క చూపులో పడకపోతే యతి వినపడదు.

విప్పిన మడత ఫోను తెర వెడల్పు పదమూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. డెమ్మీ పేజీ వెడల్పు, అంచుల్లోని ఖాళీతో సహా, దాదాపు అచ్చులో ఉన్నంత సైజులోనే వచ్చేస్తుంది. పొడవులో మాత్రం కింది భాగం కొంత మిగిలిపోతుంది, దానికి ఒకసారి వేలితో పైకి తోస్తే చాలు. పక్కకు లాగే పని లేదు. సీసపద్యం పాదం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కనిపిస్తుంది. థలో చుక్క కూడా. లక్షన్నర రూపాయల వస్తువు నాకిచ్చిందేమిటని ఎవరైనా అడిగితే, నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగిన జవాబు ఇది. నా కళ్ళకు వయసొచ్చింది, పుస్తకాలకు వయసొచ్చింది, ఈ తెర ఇద్దరికీ సరిపోయింది.

మరి ట్యాబ్ కొనుక్కోవచ్చుగా అంటారు. న్యాయమైన మాట. మంచి మామూలు ఫోను, మంచి ట్యాబ్, రెండూ కలిపి కొన్నా మడత ఫోను ధరలో సగం కాకపోవచ్చు. ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళకు నేను ట్యాబే చెబుతాను. నా అనుభవం ఏమిటంటే, ట్యాబ్ ఇంట్లో ఉంటుంది, చదివే వీలు బయట దొరుకుతుంది. ఆసుపత్రిలో టోకెన్ నంబరు పిలిచేదాకా, రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద, ఒంటిగంట దాటినా రాని రైలు కోసం ప్లాట్‌ఫాం మీద. ఆ వేళల్లో దగ్గరున్నదే పనికొస్తుంది.

ఒకే తెర మీద రెండు పనులు పక్కపక్కన పెట్టుకోవడం ఇంకో సుఖం. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు పాత పుస్తకాల స్కాన్ పేజీ ఒక పక్క, టైపు చేసిన పాఠం ఇంకో పక్క పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూస్తారు. ఆ పని మామూలు ఫోనులో చేయడం ఎంత యాతనో చేసినవాళ్ళకు తెలుసు. విప్పిన తెర మీద సాఫీగా సాగుతుంది. సాహిత్యంతో సంబంధం లేనివాళ్ళకు భూమి రికార్డులే చాలు, ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీభూమిలో అడంగల్, తెలంగాణలో అయితే భూభారతిలో పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, ఇన్ని గడులున్న పట్టికను సన్నపాటి తెర మీద చూస్తే ఏ అంకె ఏ గడిలోదో తికమకవుతుంది. పట్టిక మొత్తం ఒక్కసారి కనిపిస్తే ఆ పొరపాటు తగ్గుతుంది. ఇక విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియో కాల్. ఫోనును సగం మడిచి భోజనాల బల్ల మీద నిలబెడితే దానంతటదే నిలుస్తుంది. స్టాండు అక్కర్లేదు, చేయి నొప్పి పుట్టదు, అమ్మమ్మ తాతయ్య ఇద్దరూ ఒకేసారి కనపడతారు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది చిన్న సౌకర్యం కాదు.

సినిమాల సంగతి మాత్రం ప్రకటనల్లో చూపించినట్టు ఉండదు. అది వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పెద్ద తెర అనగానే సినిమాకే కొంటారు. విప్పిన తెర దాదాపు చదరం. మన సినిమాలు వెడల్పు. 1974లో అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్‌గా వచ్చిన తర్వాత క్రమంగా ఆ వెడల్పాటి చట్రమే మనకు అలవాటైపోయింది. ఆ కొలతలో తీసిన సినిమాను ఎనిమిది అంగుళాల మడత తెర మీద పెడితే పైనా కిందా నల్లటి పట్టీలు పోను బొమ్మ వెడల్పు ఆరంగుళాలకు కాస్త తక్కువ. అదే సినిమా 6.9 అంగుళాల మామూలు ఫోనును అడ్డంగా పట్టుకుని చూస్తే బొమ్మ వెడల్పు ఆరంగుళాల పైచిలుకు. మామూలు ఫోనులోనే కాస్త పెద్దదన్నమాట. టీవీ కొలతలో తీసిన సీరియళ్ళు, యూట్యూబ్ ఇంటర్వ్యూలు, పాఠాలు మడత తెర మీద పెద్దగా వస్తాయి. సినిమా కోసమే కొనాలనుకుంటే నా సలహా, వద్దు.

కొన్ని యాప్‌లు ఈ తెరకు ఇప్పటికీ సరిగా అలవాటు పడలేదు. 2022లో గూగుల్ పెద్ద తెరల కోసం ఆండ్రాయిడ్ 12ఎల్ తెచ్చాక పరిస్థితి బాగుపడింది. అయినా అక్కడక్కడా రెండు పక్కలా ఖాళీ వదిలేసి మధ్యలో సన్నగా నిలబడే యాప్‌లు తగులుతుంటాయి.

ఇప్పుడు దుమ్ము. ఫోల్డ్ 7కు ఇచ్చిన రేటింగు ఐపీ48. 2024లో వచ్చిన ఫోల్డ్ 6కీ అదే. చివరి 8 నీటి గురించి, మంచినీళ్ళలో కాసేపు మునిగినా తట్టుకుంటుందని. మొదటి 4 ఘన పదార్థాల గురించి. ఒక మిల్లీమీటరు, అంతకంటే పెద్ద నలుసులను లోపలికి రానివ్వదని దాని అర్థం. విశాఖ ఆర్కే బీచ్‌లో గుప్పెడు ఇసుక తీసి చూడండి. రేణువుల్లో ఎక్కువ భాగం మిల్లీమీటరు కన్నా చిన్నవి. బీచ్‌లో ఇసుక మీద కూర్చుని ఈ ఫోను విప్పడం, ఆ అంకె ప్రకారం చూసినా, మనం ఇచ్చుకునే అవకాశమే. పైగా నీటి పరీక్ష మంచినీళ్ళతో చేసింది, ఉప్పునీళ్ళతో కాదు. 2025లో గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ ఐపీ68తో వచ్చింది. మడత ఫోన్లలో దుమ్ము లోపలికి చొరబడకుండా పూర్తి రక్షణ ఉందని చెప్పగలిగిన మొదటిది అదే. మిగతా కంపెనీలూ ఆ దారికి రావాలని నా కోరిక. మన ఊళ్ళలో ఏదో ఒక వీధిలో ఎప్పుడూ ఇల్లు కడుతూనే ఉంటారు, సిమెంటు దుమ్ము లేని రోజుండదు.

మనకే ప్రత్యేకమైన ఇంకో ప్రమాదం ఉంది. గుడికి వెళ్ళొస్తూ కుంకుమ పొట్లం, విభూతి పొట్లం చొక్కా జేబులో వేసుకుంటాం. అదే జేబులో ఫోను. కాగితం మడత కాస్త ఊడితే ఆ మెత్తటి పొడి తిన్నగా వెళ్ళేది కీలు సందులోకే. కీలు తిప్పేటప్పుడు ఇదివరకు లేని కరకర వినిపిస్తే బలవంతంగా మూయకండి. ఎండ సంగతి కూడా మరవకూడదు. చాలా కంపెనీలు 35 డిగ్రీల లోపు వాడమంటాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం కారు డ్యాష్‌బోర్డు మీద ఫోను వదిలేస్తే ఆ వేడిలో జిగురు మెత్తబడుతుంది. మామూలు ఫోను ఆ పొరపాటును క్షమించవచ్చు. జిగురు మీదే బతికే తెరకు అది చేటు.

పైపొర గురించి నా సొంత అనుభవం చెబుతాను. కొన్న ఏడాది దాటాక లోపలి తెర మీద, సరిగ్గా మడత దగ్గర, పొర లేవడం మొదలైంది. మొదట గోరంత గాలిబుడగ. ఫోను మూసి తెరిచిన ప్రతిసారీ పైకీ కిందికీ పాకి, కొన్ని వారాల్లో నిలువు గీతంతా తెల్లగా ఉబ్బింది. వేలితో నొక్కితే అణిగేది, తీస్తే లేచేది. పీకేయాలని చేయి ఉబలాటపడుతుంది. పీకకూడదు. ఆ పొర మార్చవచ్చు గానీ దాని కింద ఉన్న గాజు చాలా పలచనిది, గోరు తగిలినా ఓర్చుకోదు. మా ఊరి సర్వీసు సెంటరులో ఆ పొర అతికించే యంత్రం లేదు, నగరానికి పంపాలన్నారు. ఫోను ఇచ్చేసి, బ్యాంకు పనులన్నీ ఆగిపోయి, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూశాను. తిరిగొచ్చాక తెర కొత్తదానిలా ఉంది, అందులో అనుమానం లేదు. కానీ నగరంలో ఉన్నవాళ్ళకు అరగంటలో అయ్యే పని జిల్లాల్లో ఉన్నవాళ్ళకు రోజుల తరబడి పట్టడం నాకు సరిగా అనిపించలేదు. ధర అందరికీ ఒకటే అయినప్పుడు సేవ కూడా ఒకేలా ఉండాలి కదా.

లోపలి తెరే పగిలితే ఖర్చు ఇంకో లెక్క. వారంటీలో లేకపోతే, మంచి మామూలు ఫోను కొత్తది కొనేంత డబ్బు ఆ ఒక్క తెరకే అవుతుంది. హైదరాబాదులో అబిడ్స్ దగ్గర జగదీశ్ మార్కెట్ ఉంది. మామూలు ఫోను డిస్‌ప్లే పగిలితే మనం టీ తాగి వచ్చేలోపు మార్చి చేతిలో పెట్టగల నేర్పరులు అక్కడున్నారు. మడత తెరకు విడిభాగాలు బయట సులువుగా దొరకవు, దొరికినా కీలుతో సహా విప్పి బిగించడం మామూలు పని కాదు. కంపెనీ చెప్పిందే ధర, కంపెనీ ఇచ్చిందే గడువు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది. మొబైళ్ళకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఉండాలని ఆ శాఖ వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఏ వస్తువును ఎంత సులువుగా బాగుచేయించుకోవచ్చో కొనకముందే అంకెలో తెలియాలన్నది దాని సారం. ఫ్రాన్సులో 2021లోనే అలాంటి సూచీ అమల్లోకి వచ్చింది. మడత ఫోన్ల విషయంలో అది మనకెంత అవసరమో, పొర లేచినవాళ్ళను, తెర పగిలినవాళ్ళను అడిగితే చెబుతారు. అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రాసి పెట్టుకోండి.

ఆరేళ్ళ తర్వాత చూసినా శామ్‌సంగ్ ఫోల్డ్ ధర తగ్గలేదు. 2019లో 1,64,999 రూపాయలుంటే, 2025లో ఫోల్డ్ 7 మన దగ్గర 1,74,999తో మొదలైంది. వస్తువు ఎంతో మెరుగైంది, నిజమే. ఫ్లిప్ రకంలో మాత్రం ధర బాగా దిగింది. టెక్నో కంపెనీ 2023లో ఫాంటమ్ వి ఫ్లిప్‌ను 49,999కి తెచ్చింది. జేబులో చిన్నగా ఉండటమే కావలసినవాళ్ళకు ఫ్లిప్ చాలు. పొలం పనుల్లో, భవనాల పనుల్లో, పడవల మీద ఉండేవాళ్ళకు మాత్రం ఇప్పుడున్న మడత ఫోన్లలో ఏదీ చెప్పలేను. వాళ్ళ దుమ్ముకు, ఉప్పుగాలికి ఇవి ఇంకా సిద్ధం కాలేదు. వాయిదాల మీద కొనేవాళ్ళు తెర రక్షణ ప్లాను ధరను కూడా మొదటే కలిపి లెక్క చూసుకోండి. వాయిదాలు అవకముందే తెర పోతే రెండు భారాలూ ఒకేసారి పడతాయి.

కొనాలనే అనుకుంటే, దుకాణానికి వెళ్ళేముందు మీరు నిజంగా చదవాలనుకునేది ఏదో ఒకటి పాత ఫోనులో సిద్ధంగా ఉంచుకోండి. పాత పుస్తకం పీడీఎఫ్ కావచ్చు, పొలం అడంగల్ కావచ్చు, పిల్లల పాఠం కావచ్చు. దాన్ని బల్ల మీదున్న డెమో ఫోనులోకి పంపించి, అందులో తిరుగుతున్న రంగురంగుల వీడియోను ఆపించి, ఆ పేజీ తెరిచి, నిలబడి రెండు పేజీలైనా చదవండి. తర్వాత ఫోనును ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూడండి. కొత్త డబ్బా తెరిచి చూపిస్తామని సేల్స్‌మన్ అంటే, వద్దు, ఈ డెమో ఫోనే చూస్తాననండి. దాన్ని వచ్చిపోయేవాళ్ళందరూ రోజంతా తెరిచి మూసి ఉంటారు. దాని మడత గీత ఇవాళ ఎంత లోతుందో, ఏడాది రెండేళ్ళ తర్వాత మీ ఫోనులో గీత ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ గీత మీద నుంచి మీ పంక్తి ఇబ్బంది లేకుండా సాగితే, అప్పుడు ధర మాట్లాడండి.